రామప్ప దారిలో బ్యాటరీ సైకిల్

ఆదివారం పొద్దున ములుగు రోడ్డు మీద ఇసుక లారీలు పల్చబడతాయి. హనుమకొండ సైక్లిస్టులు లాంగ్ రైడ్‌కి ఆ రోజునే ఎంచుకోవడానికి మొదటి కారణం అదే. రెండో కారణం రామప్ప. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన గుడి అది. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. హనుమకొండ నుంచి 65 కిలోమీటర్ల పైచిలుకు దూరం. చీకటితో బయల్దేరితే గుడి చూసుకుని, చెరువు కట్ట మీద కాసేపు కూర్చుని, పొద్దుగూకేలోపు ఇల్లు చేరొచ్చు.

ముందురోజు సాయంత్రం కాజీపేటలో రైలు దిగాను. ఇక్కడి మిత్రులతో ఈ దారిలో తొక్కాలన్నది పాత కోరికే. దానికి తోడు ఇంకో సంగతి కూడా నన్ను లాక్కొచ్చింది. ఈ బృందంలో కొన్ని నెలలుగా ఒక తగువు నడుస్తోంది. బ్యాటరీ సైకిల్‌తో వచ్చేవాళ్లను రైడ్‌లో కలుపుకోవాలా, వద్దా? హైదరాబాద్‌లోనూ ఈ మాట వింటూనే ఉన్నాను, కానీ అక్కడ జనం ఎక్కువ. నచ్చనివాళ్లు ఇంకో గుంపులో కలుస్తారు. ఇక్కడ పదిపన్నెండు మంది ఒకే దారిలో, ఒకే వేళకు, ఏళ్ల తరబడి కలిసి తొక్కుతున్నారు. తగువు పడ్డా మళ్లీ ఆదివారం మొహాలు చూసుకోక తప్పదు. అందుకే ఇక్కడి వాదనలో నిజాయితీ ఎక్కువ.

ములుగు క్రాస్‌రోడ్డు దగ్గర అందరూ పోగయ్యేసరికి ఇంకా వెలుతురు రాలేదు. సన్నటి టైర్ల రోడ్ బైకులు కొన్ని, హైబ్రిడ్‌లు కొన్ని, ఎన్ఐటీలో చదివే కుర్రాడి ఎంటీబీ (కొండదారుల సైకిల్) ఒకటి. చివర్న ఒక ఎర్రలైటు మెల్లగా వచ్చి ఆగింది. వెనక చక్రం నడుమ లావుపాటి హబ్ మోటారు, ఫ్రేము కింది గొట్టానికి బిగించిన నల్లటి బ్యాటరీ, హ్యాండిల్ మీద చిన్న తెర. దిగిన మనిషికి అరవై ఐదు దాటి ఉంటాయి. సర్కారు బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. అందరూ "సార్" అంటారు. ఈ బృందంలో సగం మందికి గుంపులో ఎలా తొక్కాలో, ఎదురుగాలికి ముందువాడి వెనక ఎలా నక్కాలో నేర్పింది ఆయనే. మోకాళ్లు అరిగి నాలుగేళ్లు సైకిల్ మానేశారు. మొన్న వానాకాలంలో బ్యాటరీ సైకిల్ కొనుక్కుని మళ్లీ వచ్చారు. తగువు మొదలైంది ఆయన దగ్గరే. పరాయివాడైతే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో.

ఆరెపల్లి దాటాక రోడ్డు చదును. చలి చేతివేళ్ల కొసలను కొరుకుతోంది. రోడ్ బైకుల మీదున్న నలుగురు వేగం అందుకున్నారు. గంటకు 28, 30 కిలోమీటర్లు. సార్ వెనకబడ్డారు. సైకిల్ తొక్కనివాళ్లు సాధారణంగా ఊహించని సంగతి ఇది. మన దేశపు నిబంధనల ప్రకారం మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే బ్యాటరీ సైకిల్‌కి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. అందుకని 25కి చేరగానే మోటారు తనంతట తాను ఆగిపోయేలా కంపెనీలు అమరుస్తాయి. ఆ పైన కాళ్లే దిక్కు. అప్పుడు పాతిక కిలోల బండిని ముసలి మోకాళ్లు లాగాలి. పది కిలోల రోడ్ బైకు మీద పాతికేళ్ల కుర్రాడు పోతుంటే చదును నేల మీద బ్యాటరీ సైకిల్ వాడిది వెనకబాటే. ఎత్తు మీద మాత్రం లెక్క తిరగబడుతుంది.

నేను సార్ పక్కనే తొక్కాను. "కోపమొస్తదా సార్, వాళ్లట్ల అంటుంటె?" అని అడిగాను.

"కోపమెందుకమ్మా. నాకు నలభై ఐదేండ్లున్నప్పుడు నా గేర్ల సైకిల్ చూసి మా నాయిన గూడ గిట్లనే అన్నడు. గేర్లు పెట్టుకుని తొక్కితే ఏం తొక్కినట్టురా అని. ఆయన అట్లాస్ మీద నర్సంపేట దాంక పోయొచ్చెటోడు."

ఆయన తండ్రి ఆజంజాహీ మిల్లులో కార్మికుడు. 1934లో మొదలైన ఆ మిల్లే ఒకప్పుడు వరంగల్‌కి గడియారం. సైరన్ మోగితే షిఫ్టు దిగినవాళ్ల సైకిళ్లతో రోడ్డు నిండిపోయేదని సార్ చెప్పారు. గొప్పకో సరదాకో కాదు, బతుకుకు కావాలి గనక సైకిల్. మిల్లు మూతబడి చాలా కాలమైంది. అట్లాస్ కథ కూడా అంతే. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, సాహిబాబాద్‌లో ఆ కంపెనీ కార్ఖానా ఆగిపోయింది. ఆ వార్త చదివినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. మన ఊళ్లలో సైకిల్‌ని చంపింది బ్యాటరీ కాదు. మోటార్ సైకిల్ కొనగలిగిన రోజున సైకిల్‌ని పేదరికానికి గుర్తుగా చూసి వదిలేశాం. రోడ్లేమో మోటారుకి తగ్గట్టు వెడల్పయ్యాయి, సైకిల్‌కి అంచు కూడా మిగల్లేదు.

గూడెప్పాడ్ దగ్గర పరకాల రోడ్డు ఎడమకి చీలుతుంది. అక్కణ్నించి ఇంకాస్త పోతే కటాక్షపూర్ చెరువు. వానాకాలంలో ఈ చెరువు మత్తడి పోస్తే నీళ్లు హైవే మీదికొచ్చి రాకపోకలు ఆగిపోతాయి. ఈ రోజు నీళ్లు బుద్ధిగా గట్టు లోపలే ఉన్నాయి, మీద పొగమంచు. ముందుపోయిన నలుగురూ చాయ్ బండి దగ్గర మాకోసం ఆగారు. మాట అక్కడ మొదలైంది.

వ్యతిరేకించేవాళ్లలో గట్టివాడు పరకాల వైపు బ్యాంకులో పనిచేసే యువకుడు. ఆడాక్స్ ఇండియా వాళ్లు పెట్టే దూరపు రైడ్లు, బీఆర్ఎంలు, తొక్కిన మనిషి. అంటే 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 600 అయితే నలభై గంటల్లో పూర్తిచేయాలి. మనిషి బలంతో నడిచే బండి ఏదైనా రావచ్చు, మోటారు మాత్రం ఉండకూడదు. ఆ 600ని అతను పూర్తిచేశాడు.

"అక్కా, రెండో రాత్రి మూడింటికి నేను రోడ్డు పక్కన కూసొని ఏడ్చిన. కాళ్లు లేస్తలేవు. మళ్ల లేసి తొక్కిన. ఆ మెడల్‌కి పైసలు రావు, ఎవ్వరికి తెల్వది. నాకు తెలుసు. రేపు ఇంకోడొచ్చి బ్యాటరీ మీద తొక్కి నేను గూడ సైక్లిస్టునే అంటె నా పానం ఒప్పుకోదు."

ఈ మాటను తేలిగ్గా తీసిపారేసేవాళ్లను నేను ఒప్పుకోను. సైకిల్‌లో ఉన్న గొప్పంతా ఆ లెక్కలోనే ఉంది. ఎంత పెడితే అంత వస్తుంది, అడుక్కుని తెచ్చిన బలం ఒక్క మీటరు కూడా కలవదు. పైగా పోటీల్లో ఈ భయం ఉత్త ఊహ కూడా కాదు. 2016 జనవరిలో బెల్జియంలోని జోల్డర్‌లో సైక్లోక్రాస్ ప్రపంచ పోటీలు జరుగుతుంటే ఫెమ్కె వాన్ డెన్ డ్రీషె అనే యువ క్రీడాకారిణి కోసం ఉంచిన సైకిల్ గొట్టంలో దాచిన మోటారు దొరికింది. ఆమె మీద ఆరేళ్ల నిషేధం పడింది. దాచిన మోటారుకీ, అందరికీ కనబడేలా బిగించుకున్న మోటారుకీ పోలిక లేదు. కానీ కష్టపడ్డవాడి మనసులో ఆ అనుమానం ఒకసారి పడ్డాక పోదు.

అయితే సార్ నాన్నగారి మాట కూడా నన్ను వదల్లేదు. టూర్ డి ఫ్రాన్స్‌ని 1903లో మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ కూడా గేర్ల విషయంలో అచ్చం ఆయనలాగే ఆలోచించాడు. వేగం మార్చుకునే గేర్లు నలభై ఐదు దాటినవాళ్లకే గానీ మగటిమి ఉన్నవాళ్లకి కాదన్నది అతని నమ్మకం. ఆల్ప్స్ కొండలు ఎక్కాలన్నా రేసర్లు దిగి వెనక చక్రం ఊడదీసి తిప్పి బిగించుకోవలసిందే. అతను పగ్గాలు వదిలాక, 1937లో గానీ డెరైలర్ గేర్లకు ఆ పోటీలో తలుపు తెరుచుకోలేదు. ఈ రోజు కటాక్షపూర్ చెరువు పక్కన గోడకి ఆనించిన సైకిళ్లలో గేర్లు లేనిది ఒక్కటీ లేదు. బ్యాంకు తమ్ముడి బైకుకి వెనక పదకొండు పళ్ల చక్రాలున్నాయి.

ఈ సంగతి చెబితే అతను కాసేపు ఆలోచించాడు. "గేర్ బలం ఇయ్యదక్కా. నా బలాన్నే వేరే తీరుగ వాడుతది. మోటర్ బయటి బలం." ఇది సరైన జవాబు. గేరుకీ మోటారుకీ మధ్య నిజంగానే గీత ఉంది. పోటీల్లో, బీఆర్ఎంలలో ఆ గీత చెరపకూడదు. ఈ విషయంలో నేను ఆ తమ్ముడి వైపే. తగువంతా ఆదివారం రైడ్ గురించి. ఆదివారం రైడ్ పోటీ కాదు.

చాయ్ బండి దగ్గరే ఇంకో బ్యాటరీ సైకిల్ ఆగి ఉంది. ముందు బుట్ట, వెనక క్యారియర్‌కి తాడుతో కట్టిన డబ్బా. ఊళ్లలో మందులు, సూదులు చూసుకునే ఆరోగ్య కార్యకర్తది. చాయ్ తాగుతూ మా వాదనంతా విన్నది.

"గిదంత ఎందుకు కొట్లాడుతుండ్రక్కా? నేను మూడూర్లు తిరుగుత. స్కూటీ అంటె పెట్రోలు. బస్సు పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. ఉత్త సైకిల్ మీద పోతె ఎండలకు చీరంత తడుస్తది, తల్లుల కాడ గట్లెట్ల కూసుంట? గిది ఉంటె తొక్కుత గని ఆయాసం రాదు."

ఆమె ఏ క్లబ్బులోనూ లేదు. హెల్మెట్ లేదు, సైక్లింగ్ ప్యాంట్లు లేవు. మేం ఆదివారం తొక్కే దూరం ఆమె వారంలో తొక్కేస్తుంది. సైక్లిస్టు ఎవరు అని మేం తేల్చుకుంటుంటే అందులో తన పేరుందో లేదో ఆమెకు పట్టింపు లేదు. చాయ్ పైసలిచ్చి వెళ్లిపోయింది. పాలవాళ్లు, పేపర్ కుర్రాళ్లు, పంట చేలకు పోయే పెద్దలు, వీళ్లెవర్నీ సైక్లిస్టులని పిలిచిన పాపాన పోలేదు మేం. వాళ్ల అభిప్రాయం అడక్కుండానే బ్యాటరీ మంచిదా చెడ్డదా అని తేల్చేస్తున్నాం. వాళ్లలో ఎక్కువమంది కొనలేని ధర అన్నది వేరే బాధ. మామూలు హీరో సైకిల్ నాలుగైదు వేలకు దొరికే చోట కంపెనీ బ్యాటరీ సైకిల్ పాతిక, ముప్ఫై వేల మాట.

మల్లంపల్లి వచ్చేసరికి ఎండ ఎక్కింది. నేల ఎర్రబారింది, రోడ్డు మెల్లగా లేవడం మొదలుపెట్టింది. ములుగు ముందర గట్టమ్మ గుడి ఉంది. మేడారం జాతరకు పోయేవాళ్లు ముందుగా ఈ తల్లికి మొక్కి, కొబ్బరికాయ కొట్టి గానీ ముందుకు కదలరు. ఆ ఎత్తు మీద సార్ మోటారు పనిలోకి దిగింది. సన్నటి మోత, తుమ్మెద రొదలాగా. బ్యాంకు తమ్ముడు ముందు గేరు దించి, సీటు మీంచి లేచి తొక్కుతున్నాడు. ఇద్దరూ ఒకే వరసలో ఎక్కారు. నేను వెనక నుంచి చూస్తున్నాను. సార్ కాళ్లు ఆగలేదు. ఇది నేను దగ్గర్నుంచి చూసి చెబుతున్న సంగతి. చొక్కా వీపంతా తడిసింది, మెడ నరం లేచి పడుతోంది. పైకి చేరాక నోట మాట రావడానికి టైం పట్టింది.

"గుండె ఎంత కొట్టుకుంటుంది సార్?" అని తమ్ముడు అడిగాడు. సార్ చేతి గడియారం చూపించారు. 131. అతనిది 158.

"సగం నాది, సగం మోటర్‌ది" అన్నారు సార్. తర్వాత మాస్టారు బయటికొచ్చారు. "మామూలు మనిషి గంటసేపు ఏకధాటిగ తొక్కితె డెబ్బై ఐదు, వంద వాట్లు. నీ అసుంటోడు నూటయాభై, రెండొందలు. నాకు ఈ మోకాళ్లతోని అరవై దాటదు. మిగిలింది గిది కలుపుతది. నేను తొక్కుడు ఆపితె ఇది గూడ ఆగుతది. నేను గా థ్రాటిల్ తీగె తీపిచ్చేసిన."

ఈ థ్రాటిల్ సంగతి చెప్పాలి. మన దగ్గర అమ్మే చాలా బ్యాటరీ సైకిళ్లకు రెండు దారులున్నాయి. తొక్కితేనే సాయం చేసేది ఒకటి, స్కూటర్‌లా పిడి తిప్పితే దానంతట అదే పోయేది ఇంకొకటి. ఐరోపాలో సైకిల్‌గా లెక్కలోకి రావాలంటే మొదటిదే ఉండాలి. తొక్కకుండా పోయేది నా దృష్టిలో సైకిల్ కాదు, చిన్న మోపెడ్. అది వాడేవాళ్లు చెడ్డవాళ్లని కాదు. ఆ ఆరోగ్య కార్యకర్త అలిసిన సాయంత్రం పిడి తిప్పుకుని ఇంటికి పోతే నాకు సంతోషమే. కానీ ఆదివారం రైడ్‌కి పిడి తిప్పుకుంటూ వస్తే మాత్రం ఈ తమ్ముడి కోపం న్యాయమే. ఇంతకన్నా ప్రమాదం, 25 కిలోమీటర్ల కట్టడిని ఊడదీసి నలభై మీద పోయేలా మార్చి అమ్మే కిట్లు. సైకిల్ బ్రేకులు, సైకిల్ రిమ్ములు ఆ వేగానికి చేసినవి కావు.

గట్టమ్మ దిగి ములుగు ఊళ్లోకి వస్తుంటే ఒక గుంతలో సార్ వెనక చక్రం టక్‌మంది. పుల్ల ఒకటి విరిగింది. చక్రం వంకర తిరిగి బ్రేకుకి రాసుకుంటోంది. బస్టాండు దాపున ఒక పంక్చర్ షాపు తెరిచి ఉంటే అక్కడికి నడిపించుకుపోయాం. మెకానిక్‌కి యాభై ఉంటాయి. చక్రం తిప్పి చూశాడు. డబ్బాలోంచి మామూలు పుల్ల ఒకటి తీసి పక్కన పెట్టి కొలిచాడు. అది దీనికన్నా పొడుగు, సన్నం. హబ్ మోటారు లావు కాబట్టి రిముకీ దానికీ నడుమ దూరం తక్కువ. బరువు ఎక్కువ కాబట్టి పుల్ల లావుగా ఉండాలి. మామూలు సైకిల్‌కి 14 గేజ్ వాడితే దీనికి 13, 12.

"ఇది నా కాడ లేదు సార్. హన్మకొండల గూడ దొరుకుతదో లేదో."

అయినా వదిలిపెట్టలేదు. మోటారు తీగ ఎక్కడ కలుస్తుందో వేలితో వెతికి పట్టుకున్నాడు. దాన్ని లాగకుండా జాగ్రత్తగా పక్కకు జరిపాడు. విరిగిన పుల్లను చుట్టుపక్కల పుల్లలకు మెలేసి కట్టాడు. తర్వాత నిప్పిల్ కీ తీసుకుని, విరిగినదానికి అటూ ఇటూ ఉన్న పుల్లల్లో ఒకవైపువి పావు చుట్టు బిగిస్తూ, రెండోవైపువి పావు చుట్టు వదులు చేస్తూ, చక్రం తిప్పుతూ, బ్రేకు రబ్బరునే కొలబద్దగా పెట్టుకుని బెండు తీశాడు. ఇరవై నిమిషాల్లో చక్రం బ్రేకుకి తగలకుండా తిరిగింది. మేమందరం చుట్టూ నిలబడి చూశాం. ఎన్ఐటీ కుర్రాడైతే గొంతుక్కూర్చుని, కళ్లు ఆర్పకుండా. హబ్ మోటార్ల మీద ప్రాజెక్టు చేస్తున్న పిల్లాడు, మోటారు లోపల అయస్కాంతాలెన్నో చెప్పగలడు. బెండు తీయడం అతనికి రాదు.

"ఇవి ఎక్కువొస్తున్నయా కాకా?" అని అడిగాడు.

"నెలకు మూడో నాలుగో. టైర్, ట్యూబు చేస్త. కరెంటు పని వస్తె వాపసు పంపుత. వైరింగ్ బొమ్మ ఎవ్వడియ్యడు. నేర్పెటోడుంటె నేర్సుకుంట."

బ్యాటరీ సైకిల్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. కాళ్ల గౌరవం కన్నా ఇది ముఖ్యం అనుకుంటాను. మామూలు సైకిల్‌కి ఉన్న స్వేచ్ఛంతా ఏ ఊళ్లో చెడినా ఆ ఊళ్లోనే బాగుపడటంలో ఉంది. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ ఫ్రేముకి ఎక్కదు. కంట్రోలర్ పోతే పార్సిల్‌లో పంపాలి. మూడు నాలుగేళ్లకు బ్యాటరీ బలం తగ్గితే సైకిల్ ధరలో పెద్ద వంతు మళ్లీ పెట్టాలి. పాత బ్యాటరీ ఎక్కడ పారేయాలో ములుగులో ఎవరికీ తెలియదు. రోడ్డు మీద పంక్చర్ షాపు పెద్దాయనకు పని నేర్పకుండా బ్యాటరీ సైకిల్ ఈ జిల్లాల్లో నిలబడదు.

జంగాలపల్లి క్రాస్ దగ్గర హైవే వదిలి వెంకటాపూర్ రోడ్డు పట్టాం. ఇరుపక్కలా పొలాలు, ఎండిన మిర్చి కళ్లాలు. ఘాటుకి ముక్కులు మండాయి. పాలంపేట చేరగానే సార్ చేసిన మొదటి పని దేవుడికి దండం కాదు, ఒక హోటల్లో ప్లగ్గు అడగడం. ఆయన బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు. అంటే 360 వాట్ అవర్లు, అర యూనిట్ కరెంటు కూడా కాదు. ఖర్చు రెండు మూడు రూపాయలు. హోటలామె పైసలు వద్దంది. నిండడానికి మాత్రం మూడు గంటల పైనే పడుతుంది. అంతసేపూ ఎవరూ తొందరపడలేదు. ఆయన కోసం ఆగుతున్నామని కూడా ఎవరూ అనలేదు.

రామప్ప గుడిని ఎంత చూసినా తనివి తీరదు. ఎర్రటి ఇసుకరాయి గోడలు, నల్లరాతి మదనికలు. ఒక మదనిక కాలిలో ముల్లు దిగితే ఇంకొకరు తీస్తున్న శిల్పం ముందు మేం చాలాసేపు నిలబడ్డాం. శిఖరానికి నీళ్ల మీద తేలేంత తేలిక ఇటుకలు వాడారు. కింది కట్టడం మీద భారం పడకుండా చేసిన ఉపాయం అది. పునాదిలో ఇసుక నింపి భూకంపాన్ని తట్టుకునేలా కట్టారు. ఎన్ఐటీ కుర్రాడికి ఇక్కడ వాదన దొరికింది.

"చూడన్నా, కాకతీయులు గూడ బరువు తగ్గించుకున్నరు. ఎవరన్న మోసం అన్నరా?"

బ్యాంకు తమ్ముడు మదనిక నుంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు: "ఇటుక బరువు తగ్గిచ్చిండ్రు తమ్మీ. చెక్కుడు తగ్గియ్యలే."

సార్ పకపకా నవ్వారు. ఆ రోజు విన్న మాటల్లో నాకు బాగా నచ్చింది ఇదే. దానికి నా దగ్గర ఎదురు మాట లేదు.

చెట్టు కింద సద్దిమూటలు విప్పాక నేను జర్మనీ సంగతి చెప్పాను. 2023లో ఆ దేశంలో అమ్ముడైన సైకిళ్లలో బ్యాటరీవి 21 లక్షలు, మామూలువి 19 లక్షలు. కొత్త సైకిళ్లలో బ్యాటరీవే ఎక్కువైపోయిన ఏడాది అది. ఏడు యూరప్ నగరాల్లో జరిపిన ఒక పరిశోధన 2019లో వచ్చింది. బ్యాటరీ సైకిల్ వాళ్లకి వారం మొత్తం మీద దొరికే వ్యాయామం మామూలు సైకిల్ వాళ్లకి దాదాపు సమానమని తేలింది. ఒక్కో కిలోమీటరుకి శ్రమ తక్కువే, కానీ వాళ్లు ఎక్కువ దూరం పోతారు. మామూలు సైకిల్ వదిలి దీనికి మారినవాళ్లకు కొంచెం తగ్గింది, కారు వదిలి మారినవాళ్లకు బాగా పెరిగింది. "గదే గదా," అన్నాడు బ్యాంకు తమ్ముడు, "నా అసుంటోడు మారితె నష్టం. సార్ అసుంటాయన మారితె లాభం." ఆ వాక్యం తన నోటి నుంచి వచ్చాక తనే ఒక క్షణం ఆగాడు. సార్ కారు వదిలి రాలేదు, మంచం వదిలి వచ్చారు. అది అక్కడున్న అందరికీ తెలుసు.

తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి. కటాక్షపూర్ దాటేసరికి సార్ బ్యాటరీ ఆఖరి గీతకు వచ్చింది, గూడెప్పాడ్ దగ్గర పూర్తిగా ఆరిపోయింది. పాతిక కిలోల బండి, వంకర చక్రం, అరిగిన మోకాళ్లు. రోడ్ బైకులవాళ్లు వేగం తగ్గించి ముందు ఇద్దరు, పక్కన ఒకరు చేరి ఆయన్ని గాలి చాటున పెట్టుకున్నారు. ముందు తొక్కింది బ్యాంకు తమ్ముడే. ఈ పద్ధతి అతనికి నేర్పింది సారే. గంటకు పద్నాలుగు, పదిహేను. అసలు భయం గాలి వల్ల కాదు. సాయంత్రమయ్యేసరికి లారీలు మళ్లీ మొదలయ్యాయి. ఒక్కోటి హారన్ కొడుతూ మోచేతికి జానెడు దూరంలోంచి పోతుంటే బ్యాటరీ సైకిల్, ఉత్త సైకిల్ అని అది తేడా చూడదు.

సైకిల్‌కి రోడ్డు మీద చోటు అన్న మాట సర్కారు అనకపోలేదు. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2020లో సైకిళ్ల కోసం నగరాల మధ్య ఒక పోటీ పెట్టింది. 2021 జులైలో దేశం మొత్తం మీద ఎంపికైన 11 నగరాల్లో వరంగల్ ఒకటి. ఒక్కో నగరానికి కోటి రూపాయలు ప్రకటించారు. బెంగళూరు, చండీగఢ్, సూరత్‌ల సరసన మన ఓరుగల్లు పేరు చూసి ఈ బృందం ఆ రోజు మిఠాయి పంచుకుందట. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ తెరిచారు. బాగుంటుంది, నేనూ తొక్కాను. కానీ కూరగాయలకు, బడికి, డ్యూటీకి పోయే సైకిల్‌కి కావలసింది అదాలత్ నుంచి హనుమకొండ చౌరస్తా దాకా, చౌరస్తా నుంచి ములుగు రోడ్డు దాకా మూడడుగుల నమ్మకమైన అంచు. ఆ అంచు అడగాలంటే రోడ్డు మీద సైకిళ్ల సంఖ్య కనబడాలి. సార్‌నీ, ఆ ఆరోగ్య కార్యకర్తనీ లెక్కలోంచి తీసేస్తే మిగిలే పదిమంది మాట ఎవరు వింటారు? నా వరకు ఈ తగువు ఇక్కడే తేలిపోయింది.

బృందం మాత్రం ములుగు క్రాస్‌రోడ్డు దగ్గర నిలబడే తేల్చుకుంది. బ్యాటరీ సైకిల్ రావచ్చు. థ్రాటిల్ వాడకూడదు, కట్టడి ఊడదీసిన బండి రాకూడదు. గుంపు ముందుకొచ్చి వేగం పెంచకూడదు. రైడ్ రికార్డు పెట్టుకునే యాప్‌లో బ్యాటరీ సైకిల్ అని రాయాలి. చివరి షరతు బ్యాంకు తమ్ముడిది. ఒప్పుకోమంటే సార్ వెంటనే ఒప్పుకున్నారు. ఆయన అప్పటికే అలాగే రాస్తున్నారట. తర్వాతి రైడ్ నర్సంపేట మీదుగా పాకాల చెరువుకి. ములుగు మెకానిక్‌ని ఒక ఆదివారం హనుమకొండ పిలిపించి, హబ్ మోటారు విప్పి చూపిస్తానని ఎన్ఐటీ కుర్రాడు మాటిచ్చాడు. బదులుగా బెండు తీయడం నేర్పాలి.

నా రైలుకు టైమైంది. సార్ జేబులోంచి కాగితం తీసి రాసిచ్చారు. హైదరాబాద్‌లో దొరుకుతాయేమో చూడమన్నారు: 13 గేజ్ పుల్లలు, రెండు డజన్లు. ఒక డజను ఆయనకు, ఒక డజను ములుగు షాపుకి.